బడి కబురు ఎవరింటికి చేరింది?

ప్రాథమిక పాఠశాలకు వేరే తపాలా లేదు. పిల్లలే దాని తపాలా. "రేపు సెలవని ఇంట్లో చెప్పండి", "ఎల్లుండి సూదిమందు వేస్తారు, తిని రండి", "సంతకానికి మీ అబ్బాను రమ్మను" అని బడి చెప్తుంది. పిల్లవాడు మోసుకొస్తాడు. సగం దారిలో మర్చిపోతాడు. తన మీద ఫిర్యాదైతే కావాలనే మర్చిపోతాడు. అయినా నూరేళ్ళుగా ఈ దేశంలో సర్కారీ బడికీ ఇంటికీ మధ్య నడిచిన దారి అదే. మా ఇళ్ళలో పిల్లవాడికి ఇంకో నౌకరీ కూడా ఉంది. సారు తెలుగులో చెప్పింది అమ్మీకి మా ఉర్దూలో చెప్పాలి. అమ్మీ అన్నది మళ్ళీ సారుకు తెలుగులో చెప్పాలి. ఏడేళ్ళ పిల్ల తపాలా బంట్రోతూ, దుబాసీ రెండూ అవుతుంది. బడి లెక్కల్లో ఈ పనికి మార్కుల్లేవు.

2020 మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం బడులు మూసేస్తున్నామని ప్రకటించింది. ఆ రోజు రెండో శనివారం. మర్నాడు ఆదివారం. అంటే పిల్లలు శుక్రవారం నాడు మామూలుగా బడి నుంచి ఇంటికొచ్చారు, చేతిలో ఏ కబురూ లేకుండా. బడి తన తపాలాను ఇంటికి పంపేశాక గానీ చెప్పాల్సిన కబురు పుట్టలేదు. మార్చి 31 దాకా సెలవులన్నారు. ఆ తర్వాత జనతా కర్ఫ్యూ వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది. పెద్ద తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరిలో కొన్నాళ్ళు బడి ముఖం చూశారు. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు మాత్రం మళ్ళీ గంట మోగింది 2021 సెప్టెంబరు 1న. పదిహేడు నెలలు దాటింది. ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల బడి గుమ్మం తొక్కకుండానే రెండో తరగతికి వచ్చేసింది.

ఈ పదిహేడు నెలల్లో బడి ఇంటితో ఎట్లా మాట్లాడింది? ఏ భాషలో మాట్లాడింది? ఎవరి చేతిలోని ఫోనుతో మాట్లాడింది? మేం అడుగుతున్నది ఇది. చదువు నష్టం మీద సర్వేలొచ్చాయి, సదస్సులు జరిగాయి. కబురు నష్టం మీద ఎవరూ లెక్క తీయలేదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. బడి నోరు మూతపడ్డ ఆ మొదటి నెలలోనే రాజ్యం మాతో గట్టిగా మాట్లాడింది. మార్చి 30 రాత్రి, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళొచ్చిన వాళ్ళలో ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. చనిపోయింది నిజం. జబ్బు సోకింది నిజం. వెళ్ళొచ్చిన వాళ్ళను వెతికి పరీక్షలు చేయడమూ అవసరమే. కానీ తెల్లారేసరికి టీవీల్లో అది జబ్బు కాదు, జిహాద్ అయిపోయింది. పేరడిగి కూరగాయల బండ్లను వెళ్ళగొట్టిన వార్తలు దేశం నలుమూలల నుంచీ వచ్చాయి. మా బస్తీల్లో సర్వేకొచ్చిన ఆశా కార్యకర్తను చూసి తలుపులేసుకున్నారని మమ్మల్ని తిట్టారు. నిజమే, కొన్ని చోట్ల వేసుకున్నారు. అంతకుముందు వారం రోజులు ఆ గడపలోపలి టీవీ ఏం చెప్తూ ఉందో తిట్టినవాళ్ళు గుర్తుపెట్టుకోలేదు.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వాళ్ళను బలిపశువుల్ని చేశారన్నది. విదేశీయులకు ఆశ్రయమిచ్చారన్న నేరం మోపిన 70 మంది భారతీయుల మీది కేసుల్ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది 2025 జూలైలో. ఐదేళ్ళు పట్టింది. నింద ఒక్క రాత్రిలో ప్రతి ఇంటికీ చేరింది. నింద అబద్ధమన్న కబురు ఎంతమందికి చేరింది?

లౌకికవాద మిత్రులు ఇక్కడ అడుగుతారు, బడి గురించి మొదలుపెట్టి మర్కజ్‌కు ఎందుకు వెళ్ళారని. రెంటికీ సంబంధం ఉంది. ఒక జనానికి జబ్బు గురించి కబురు చెప్పాలంటే చెప్పేవాడి మీద నమ్మకం ఉండాలి. ఆ ఏప్రిల్లో మా గల్లీల్లో పోలీసు మీద నమ్మకం లేదు, టీవీ మీద లేదు, సర్వే కాగితం మీద లేదు. సర్వే చేసి ఎన్నార్సీకి వాడుకుంటారన్న భయం అప్పటికి నాలుగు నెలలుగా పాకుతోంది. అంత అనుమానంలోనూ సర్కారు మనుషుల్లో ఒక్కరికి మా తలుపులు తెరిచే ఉన్నాయి. మా పిల్లల పేర్లు, మా ఫోను నంబర్లు, ఎవరింట్లో నాన్న దుబాయిలో ఉన్నాడు, ఎవరింట్లో నాన్నే లేడు అన్నీ తెలిసిన ప్రాథమిక పాఠశాల సారు, ఆపా. రాజ్యానికి మా మధ్య ఉన్న నమ్మకమైన నోరు అదొక్కటే. ఆ నోటిని ఎట్లా వాడుకున్నారన్నదే ఇక్కడి చరిత్ర.

చరిత్ర అన్నాం కాబట్టి నూరేళ్ళు వెనక్కి పోవాలి.

హైదరాబాదు రాజ్యంలో 1884లో పారసీ తీసేసి ఉర్దూను రాజభాష చేశారు. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగు వాళ్ళు. మిగతావాళ్ళలో మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్ళే ఎక్కువ. ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్ళు పదోవంతుకు కాస్త అటూఇటూ. 1911లో హైదరాబాదు నగరంలోకి ప్లేగు వచ్చింది. మూడేళ్ళ ముందే 1908లో మూసీ ముంచేసింది. వరద, ప్లేగు రెండూ చూశాక 1912లో నగరాభివృద్ధి సంస్థ పెట్టారు, ఇరుకు గల్లీలు కొట్టేసి రోడ్లు వేశారు. ఆ తర్వాత 1918లో ఇన్‌ఫ్లుయెంజా. దేశం మొత్తం మీద కోటికి పైగా జనం పోయారు. 1921 జనాభా లెక్కలు తీస్తే హైదరాబాదు రాజ్యంలో 1911 కంటే దాదాపు 9 లక్షల మంది తక్కువ తేలారు. ఒక కోటీ 33 లక్షలున్న రాజ్యం ఒక కోటీ 24 లక్షలకు దిగింది. ప్లేగు, కరువు, ఆ జ్వరం కలిసి తిన్న లెక్క అది.

అప్పుడు ఊరికి కబురెట్లా చేరేది? సర్కారు కాగితం ఉర్దూలో బయల్దేరేది. పటేలు, పట్వారీల దగ్గరికొచ్చేసరికి దాన్ని తెలుగు చేసుకోవాలి. కాగితం చదవగలిగినవాళ్ళు నూటికి ముగ్గురూ నలుగురూ. అందుకని చివరికి కబురు చెప్పేది డప్పు. వెట్టికి పిలిచిన మాదిగ డప్పు కొట్టి సందు మలుపులో నిలబడి చాటింపు వేసేవాడు. గమనించండి, మంత్రి దగ్గర ఉర్దూలో పుట్టిన మాట ఊరికి తెలుగులో చేరింది ఒక దళితుడి నోటి ద్వారా, అదీ కూలి లేకుండా. ఎంత కటిక ఏర్పాటైనా అందులో ఒకటుంది. ఆ మాట ఊరి భాషలో, నోటితో, వాకిట్లోకి వచ్చేది. చదువు వచ్చా రాదా అని అడిగేది కాదు.

ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన ఆ 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. దానికి ముందటేడు దారుల్ తర్జుమా పెట్టి వైద్యం, భౌతికం, న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తేవడం మొదలుపెట్టారు. దేశ భాషలో విశ్వవిద్యాలయం అంటే ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు, మేం దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ ఉర్దూ ఎవరిది? టాంగా తోలే మా ముత్తాత మాట్లాడింది ఉర్దూనే. బీడీలు చుట్టే నానీ మాట్లాడింది ఉర్దూనే. ఆ వైద్య పుస్తకంలోని ఒక్క ముక్క వాళ్ళకు చేరలేదు. రాజ్యం మా భాషలో ఉన్నప్పుడు కూడా రాజ్యం మాది కాదు. నిజాం పాలన అంటే ముస్లింల పాలన అని లెక్కలు రాసేవాళ్ళు ఈ ఒక్క ముక్కకు జవాబు చెప్పాలి. దేవిడీల ఉర్దూ వేరు, గల్లీ ఉర్దూ వేరు. మొదటిదానికి దస్తావేజులున్నాయి. రెండోదానికి నోరొక్కటే ఉంది.

అట్లాగే 1921లో హైదరాబాదులో వివేకవర్ధని థియేటర్లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, పదేళ్ళలో ఆంధ్ర మహాసభ అయింది. ఇంట్లో మాట్లాడే భాషకు సభలో చోటు లేకపోతే మనిషి ఎట్లా కుంగిపోతాడో తెలంగాణ తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఈ మాట వాళ్ళకే చెప్తున్నాం.

1948 సెప్టెంబరు తర్వాత బల్ల తిరగబడింది. పోలీసు చర్యలో మా ఊళ్ళకు ఏమైందో ఇంకోచోట రాశాం, మళ్ళీ రాయం. భాష సంగతి మటుకు చెప్తాం. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. 1966 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌కు తెలుగు అధికార భాష అయింది. మెజారిటీ జనం భాషలో పాలన జరగడం న్యాయమే, అందులో మాకు పేచీ లేదు. నగరంలో, కొన్ని పట్టణాల్లో ఉర్దూ మీడియం బడులు మిగిలాయి. ఊళ్ళలో పది పదిహేను ముస్లిం ఇళ్ళుంటే వాళ్ళ పిల్లలు తెలుగు బడికే పోయారు. పోవాలి కూడా. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022లో ఆ పని చేసింది. బోర్డుల మీద ఉర్దూ అక్షరాలొచ్చాయి. బోర్డు చదవగలిగినవాడు ఆ ఆఫీసుకు ముందే దారి తెలిసినవాడు.

ఇక మా ఇంట్లోకి రండి. అమ్మీ దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది. చిన్నప్పుడు మస్జిద్‌లోనో ఆపా దగ్గరో కూర్చుని ఖురాన్ ఖతమ్ చేసింది. అరబీ అక్షరాలు గడగడా చదువుతుంది, అర్థం తెలియదు. ఆ అక్షరాలతోనే రాసే ఉర్దూను కూడబలుక్కుని ఒక లైను చదువుతుంది, రెండో లైనుకు ఆగిపోతుంది. తెలుగు మాట్లాడుతుంది, బజారులో బేరమాడుతుంది, చదవలేదు. పిల్లవాడు తెలుగు చదువుతాడు, ఉర్దూ చదవలేడు. అబ్బాకు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో రాసిన ఉర్దూ అర్థమవుతుంది. ఇల్లు ఒకటే, లిపులు నాలుగు. బడి రిజిస్టరులో "మాతృభాష" అన్న గడి ఉంది, అందులో ఉర్దూ అని రాసుకుంటారు. ఇంట్లో ఎవరు ఏ లిపి చదువుతారన్న గడి లేదు. దూదేకుల వాళ్ళ ఇళ్ళలో, గుంటూరు వైపు చాలా ఇళ్ళలో సంగతి వేరు, అక్కడ ఇంటి మాటే తెలుగు. ముస్లిం అనగానే ఉర్దూ అనుకునే తప్పు సర్కారుదే కాదు, మా పెద్దమనుషులది కూడా.

చదువు విషయంలో మేం మరీ చీకట్లో ఉన్నామనీ కాదు. 2001 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్రం సగటు 60.5. సచార్ కమిటీ 2006లో చెప్పిందాని ప్రకారం మదరసాలకు పోయే ముస్లిం పిల్లలు నూటికి నలుగురే. మిగతా పిల్లలు మీ పిల్లలు పోయే బడులకే పోతున్నారు, లేదా ఏ బడికీ పోవడం లేదు. మదరసాల మీద రాసిన వ్యాసాలన్నీ ఒక పక్కన పెడితే, సర్కారీ ప్రాథమిక బడిలో ముస్లిం పిల్లల మీద రాసినవి ఇంకో పక్కన ఎన్ని తేలుతాయో ఎవరైనా లెక్కపెట్టి చూడొచ్చు.

2020 వేసవి దాటాక సార్లను సర్వేకు దింపారు. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరికి స్మార్టు ఫోనుంది, ఎవరికి ఏదీ లేదు అని. ప్రతి టీచరుకూ కొందరు పిల్లల్ని పంచారు. తరగతికో వాట్సాప్ గ్రూపు కట్టారు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి. ఒకటీ రెండూ తరగతులకు టీవీ పాఠం లేదు. చిన్నపిల్లలు తెర ముందు కూర్చోలేరన్నది న్యాయమైన మాటే. అయితే దాని ఫలితం ఇది. ఆ రెండు తరగతుల పిల్లలున్న ఇంటికీ బడికీ మధ్య మిగిలిన దారి టీచరు ఫోనొక్కటే. ఆ ఫోను రాకపోతే ఆ పిల్లకు బడే లేదు.

ఆ ఫోను ఎవరిది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 26.5 శాతం, మగవాళ్ళు 57.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8. ఇది ఒక్క ముస్లింల లెక్క కాదు, అందరిదీ. అంటే గ్రూపులో ఉన్నది అబ్బా. పిల్ల చదువు చూసేది అమ్మీ. లాక్‌డౌన్ సడలగానే అబ్బా ఫోను జేబులో పెట్టుకుని ఆటో తీసుకుని పోయాడు. పొద్దున పది గంటలకు బడి పంపిన కబురు రాత్రి పదకొండుకు ఇంటికొచ్చింది, అప్పటికి పిల్ల నిద్రపోయింది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క ఫోను ముందు పెద్దపిల్లవాడికి, తర్వాత రెండోవాడికి, మిగిలితే అమ్మాయికి. దీన్ని సర్కారు మీద వేయలేం. ఇది మా ఇంటి గొడవ. ఇస్లాంలో ఆడదానికి ఎన్ని హక్కులున్నాయో జుమ్మా నాడు చెప్పే మనవాళ్ళు ఆ ఫోను గంటసేపు ఇంట్లో వదిలి వెళ్ళమని కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక గ్రూపులో ఏం వచ్చింది? పైనుంచి వచ్చిన సర్క్యులరు వచ్చినట్టే వచ్చింది. ఎంఈవో ఆఫీసు హెడ్మాస్టరుకు పంపింది, హెడ్మాస్టరు టీచర్లకు, టీచరు గ్రూపుకు. ఒకే కాగితం నాలుగు చేతులు మారింది, ఒక్క అక్షరం మారలేదు. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా" అని మొదలయ్యే తెలుగు తెలుగువాళ్ళకే సగం అర్థం కాదు. తేదీ ఎక్కడో మూడో పేరాలో ఉంటుంది. దాని కింద తల్లిదండ్రులు నమస్కారం బొమ్మలు పెట్టారు. పైవాళ్ళ లెక్కలో కబురు చేరినట్టే. నీలం టిక్కులు పడ్డాయి కదా. 2020లో అసర్ సర్వే దేశమంతటా పల్లెల్లో అడిగితే స్మార్టు ఫోనున్న ఇళ్ళ పిల్లలు 61.8 శాతం అని తేలింది. కానీ అడిగిన వారంలో బడి నుంచి ఏదైనా పాఠమో పనో అందినవాళ్ళు మూడోవంతుకు కాస్త పైన. ఫోనుండటం వేరు, కబురందటం వేరు.

అన్ని చోట్లా ఇట్లా జరగలేదు. కొందరు సార్లు, మరీ ముఖ్యంగా కొందరు మేడమ్‌లు, రెండు వారాల్లోనే సంగతి కనిపెట్టారు. రాసి పంపడం మానేశారు. మాట రికార్డు చేసి పంపారు. ఉర్దూ మీడియం ఆపాలకు ఇది తేలిగ్గా వచ్చింది. "కల్ కితాబాఁ దేరైఁ, ఆకో లేకో జావ్" అని ఐదు సెకన్ల మాట. రేపు పుస్తకాలిస్తున్నాం, వచ్చి తీసుకుపోండి అని. ఆ ఐదు సెకన్లకు ఆడవాళ్ళు కదిలొచ్చారు. తెలుగు బడుల్లో ఉర్దూ రాని సార్లు ఒక ఉపాయం చేశారు. ఐదో తరగతి పిల్లకు ఫోను చేసి తెలుగులో చెప్పి, "ఇదే మీ భాషలో చెప్పి గ్రూపులో పెట్టు తల్లీ" అన్నారు. ఆ పిల్ల గొంతు పదిళ్ళలో వినిపించింది. బడి మళ్ళీ తన పాత తపాలాను వెతుక్కుని పట్టుకుంది. మేం విన్న ఇట్లాంటి మాటల్లో పాఠం కంటే ఎక్కువ ఇవే ఉన్నాయి. పిల్లకు జ్వరమొస్తే భయపడకండి, దాచకండి, ఫలానా ఆస్పత్రికి పోండి. మాస్కు గుడ్డతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. పరీక్షల్లేవు, అందర్నీ పై తరగతికి పంపారు, ఫీజు కట్టాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఆశా కార్యకర్తకు తెరుచుకోని తలుపు ఈ గొంతుకు తెరుచుకుంది. పైనుంచి ఎవరూ వీళ్ళకు ఇట్లా చేయమని చెప్పలేదు. చేసినందుకు ఎక్కడా లెక్కలో రాయలేదు. నూరేళ్ళ కిందటి చాటింపు మనిషికి కూలి ఇవ్వని ఏర్పాటు ఈ విషయంలో ఏం మారిందో మాకు తెలియడం లేదు.

పాతబస్తీ కథ ఇంకా వేరు. అక్కడ చాలామంది పిల్లలు సర్కారీ బడిలో లేరు. మేడ మీద నాలుగు గదుల్లో నడిచే చిన్న ప్రైవేటు బడుల్లో ఉన్నారు. ఇంగ్లీషు మీడియం అని బోర్డుంటుంది. అక్కణ్ణించి వచ్చే మెసేజీలు ఇంగ్లీషులో వచ్చాయి, "డియర్ పేరెంట్స్" అని. మొదటి లైనులో ఆరోగ్యం జాగ్రత్త, రెండో లైనులో ఫీజు బాకీ. 2020 ఏప్రిల్ 21న ప్రభుత్వం జీవో నంబరు 46 ఇచ్చింది. ఆ ఏడు ఫీజు పెంచరాదు, ట్యూషన్ ఫీజు తప్ప ఇంకేమీ అడగరాదు, అదీ నెలనెలా తీసుకోవాలి అని. ఈ ఒక్క కాగితం ఉర్దూలో గోడ మీద అతికించి ఉంటే ఎన్నో ఇళ్ళలో గాజులు తాకట్టుకు పోయేవి కావు. ఫీజు అడిగే బడే ఆ కబురు తల్లిదండ్రులకు చెప్తుందని ఎవరనుకున్నారో మాకు తెలీదు. మా బస్తీలో ఒక బడి బస్సు ఫీజు కూడా వసూలు చేసింది, రోడ్డు మీద బస్సే తిరగని నెలల్లో. అడిగితే "జీవో అంటే ఏంటి?" అని ఎదురు ప్రశ్న వేశారు.

అయితే ఆ మేడ మీది బడి టీచర్ల బతుకు కూడా చూడాలి. వాళ్ళలో ఎక్కువమంది ఇంటరో డిగ్రీనో చదివిన మా ఇళ్ళ ఆడపిల్లలే. నెలకు నాలుగైదు వేలకు పనిచేసేవాళ్ళు. బడి మూతపడగానే ఆ నాలుగైదు వేలూ పోయాయి. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించేదాకా ఒక ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో జీతం లేకుండా, తన ఫోను బాలెన్సు తనే వేసుకుని, పిల్లల అమ్మలకు ఫోను చేసి "కైసే హైఁ?" అని అడిగిన పిల్లలు మాకు తెలుసు. ఇంటికి కబురందించింది వాళ్ళు. మెసేజీ పంపిన యాజమాన్యం కాదు.

ఇంకొకటుంది, అది చెప్పకపోతే మాకే మనసొప్పదు. మస్జిద్ మైకు. ఆ మార్చి చివరి నుంచి జూన్ 8 దాకా మస్జిద్‌లు జనానికి మూతపడ్డాయి. అజాన్ మాత్రం ఆగలేదు. అజాన్ అయ్యాక అదే మైకులో నమాజు ఇళ్ళల్లోనే చదువుకోండి, గుమిగూడకండి అని రోజుకు ఐదుసార్లు మా భాషలో చెప్పారు. ఆ ఏటి రంజాన్ తరావీలు ఇళ్ళల్లో జరిగాయి, ఈద్ నమాజు ఇళ్ళల్లో జరిగింది. మర్కజ్ గురించి గంటలు గంటలు చూపించిన టీవీలు ఈ సంగతి చూపించిన నిమిషాలు తక్కువ. గల్లీలో ప్రతి ఆడమనిషికీ వంటింట్లోకి వినిపించే గొంతు అది. బడి పుస్తకాలెప్పుడిస్తారో, టీకా శిబిరం ఎక్కడో ఆ మైకులో చెప్పించొచ్చని కొన్ని ఊళ్ళలో హెడ్మాస్టర్లకే తట్టింది. అడిగారు. ముతవల్లీలు సరేనన్నారు. పక్కనే గుడి మైకులోనూ అదే కబురు చెప్పారు. అంతకంటే పెద్ద మతసామరస్యం మేం ఈ మధ్య చూడలేదు. కానీ జిల్లా స్థాయిలో కూర్చుని ఇది రాసి పంపేంత ఆలోచన ఎవరికీ రాలేదు. మస్జిద్‌ను నిఘా పెట్టాల్సిన చోటుగా చూసే కళ్ళకు అది కబురు చెప్పగలిగే చోటుగా కనబడదు.

మా ఉర్దూ పెద్దలతో కూడా ఒక మాట. ఉర్దూకు అన్యాయం జరుగుతోందని ముషాయిరాల్లో ఏడ్చేవాళ్ళు మీరు. రెండో అధికార భాష అయినప్పుడు శాలువాలు కప్పుకున్నది మీరు. ఆ పదిహేడు నెలల్లో ఒక్క బడి సర్క్యులరును సులువైన దక్కనీలో తర్జుమా చేసి గొంతుతో రికార్డు చేసి పంపడానికి అకాడమీలు, అంజుమన్‌లు ఎన్ని ముందుకొచ్చాయి? మీకు దక్కనీ ఉర్దూ కాదు, ఉర్దూకు చెడిన రూపం. మా అమ్మ నోటి మాట మీ సభలో జోకుగా పనికొస్తుంది, అంతే. దారుల్ తర్జుమా నాటి దూరం ఇంకా అట్లాగే ఉంది.

ఇది మా ఒక్కరి బాధ అని మేం అనడం లేదు. ఆదిలాబాదు గూడేల్లో గోండి మాట్లాడే తల్లికి, తండాలో లంబాడీ మాట్లాడే తల్లికి బడి కబురు మాకంటే కష్టంగా చేరింది. మా భాషకు చట్టంలో పేరైనా ఉంది. వాళ్ళ గూడెంలో ఫోనుకు సిగ్నలు కూడా లేదు. ప్రాథమిక బడి ఇంటిభాషలో మాట్లాడాలని ఆదివాసీలు అడిగినప్పుడు మేం వాళ్ళ పక్కన నిలబడి ఉండాల్సింది. ఉర్దూను ఒక మతం భాషగా పట్టుకు వేలాడినంత కాలం ఆ పక్కకు చూపు పోలేదు.

2021 ఆగస్టు చివర మళ్ళీ అదే తమాషా. సెప్టెంబరు 1న బడులు తెరుస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆగస్టు 31న హైకోర్టు గురుకులాలు తెరవొద్దన్నది, పిల్లల్ని బడికి రావాలని బలవంతపెట్టొద్దన్నది. రెండు కబుర్లూ ఒకే రాత్రి గ్రూపుల్లో పడ్డాయి. బడి ఉందా లేదా అని మా గల్లీలో ఆడవాళ్ళు తెల్లారి ఒకరినొకరు అడిగారు. కొందరు పంపారు, కొందరు పంపలేదు. ఎక్కడైతే టీచరు ముందు రోజు ఫోను చేసి "బడి ఉంది, మాస్కు పెట్టి పంపండి, భయపడితే నాలుగు రోజులాగి పంపండి, పేరు తీసేయం" అని చెప్పిందో అక్కడ బెంచీలు నిండాయి. ఎక్కడైతే కాగితం మాత్రమే వచ్చిందో అక్కడ నిండడానికి దసరా దాటింది. కొన్ని పేర్లు రిజిస్టరులో ఉన్నాయి, పిల్లలు లేరు. మగపిల్లలు మెకానిక్ షెడ్డులో, జరీ మగ్గం దగ్గర తేలారు. ఆడపిల్లలు కొందరు మెహందీ, గాజుల పనిలో కూర్చుండిపోయారు. వాళ్ళ ఇళ్ళకు బడి తెరిచిందన్న కబురు చేరలేదని మేమనం. చేరేసరికి పిల్ల తెచ్చే రోజుకూలి ఇంటి లెక్కలో కలిసిపోయింది.

గ్రూపులు మాత్రం ఇంకా ఉన్నాయి. బడి తెరిచాక ఎవరూ తీసేయలేదు. చాలావాటిలో గొంతులు ఆగిపోయాయి. మళ్ళీ రాతలే వస్తున్నాయి. ఆధార్ లింకు చేయండి, ఫోటో పెట్టండి, అపార్ నమోదు చేయించండి అని. కింద నమస్కారం బొమ్మలు పడుతున్నాయి. సాయంత్రం బడి విడిచాక ఏడేళ్ళ పిల్ల ఇంటికొచ్చి అమ్మీ చేతిలో ఫోను పెట్టి, సారు పంపింది ఏమిటో చదివి ఉర్దూలో చెప్తుంది.